స్క్రీన్ మీద గీసే లైబ్రరీకి ప్రింట్ ఎలా చేర్చాలి: నా అనుభవం

మీ లైబ్రరీ (అంటే వేరే ప్రోగ్రాములు వాడుకునే గీసే కోడ్) స్క్రీన్ మీద గీతలు, అక్షరాలు బాగానే గీస్తోంది, ఇప్పుడు ప్రింట్ కూడా కావాలి, స్క్రీన్‌షాట్ తీసి ప్రింటర్‌కి పంపితే సరిపోదా అని కదా అడిగారు. సరిపోదు. నేను అదే చేసి చేతులు కాల్చుకున్నాను.

మాది బరంపురం. మా మేనమామ వాళ్లకి పట్టుచీరల మగ్గం ఉంది, అంచు డిజైన్లు గళ్ల కాగితం మీద పెన్సిల్‌తో గీసుకునేవాళ్లు. నేను సొంతంగా రాసుకున్న చిన్న డ్రాయింగ్ లైబ్రరీ మీద గళ్లు నింపే ప్రోగ్రాం ఒకటి చేసిచ్చాను. బొమ్మ వెడల్పు 1200 పిక్సెళ్లు, ఎత్తు 800. వాటినే 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) ప్రింటర్‌కి చుక్కకి చుక్క పంపిస్తే ఏమవుతుంది, వెడల్పు 2 అంగుళాలు, ఎత్తు 1.33, అంటే అచ్చంగా అగ్గిపెట్టె. మామయ్య కాగితం అటూ ఇటూ తిప్పి, "ఇది చీరకా, బొమ్మరిల్లుకా రా?" అన్నాడు. పిక్సెళ్లని సాగదీస్తే గీతలన్నీ మెట్లు మెట్లుగా వచ్చాయి. పోనీ బొమ్మనే 600 డీపీఐలో తయారు చేద్దామంటే ఒక్క ఏ4 పేజీకి, పిక్సెల్‌కి 4 బైట్ల చొప్పున, దాదాపు 139 ఎంబీ.

కాబట్టి ముందు గీసే ఫంక్షన్లలోంచి పిక్సెల్ అన్న మాటే తీసేయండి. కొలతలన్నీ పాయింట్లలో పెట్టుకోండి (అంగుళంలో 72వ వంతు, ఏ4 అంటే సుమారు 595 x 842). స్క్రీన్‌కొకటి, ప్రింట్‌కొకటి వేరువేరు క్లాసులుంటే (కోడ్‌లో విడివిడి భాగాలు) పాయింట్లని పిక్సెళ్లలోకో, ప్రింటర్ చుక్కల్లోకో మార్చుకునే పని వాటిది, పైన గీసే కోడ్ ఒక్కటే. క్యూటీ అనే పేరున్న లైబ్రరీలో క్యూపెయింటర్ అనే గీసే క్లాసు, స్క్రీన్ మీది విడ్జెట్ మీదా, ప్రింటర్ కోసం ఉన్న క్యూప్రింటర్ మీదా గీసేది ఇలాగే. గీత మందం కూడా పాయింట్లలోనే ఉండాలి సుమా, "1 పిక్సెల్ గీత" 600 డీపీఐలో 0.04 మిల్లీమీటర్లు, అది ఎవరికీ కనపడదు.

ప్రింటర్‌తో నేరుగా మాట్లాడకుండా ముందు పీడీఎఫ్ తయారు చేయండి, లైనక్స్‌లో ప్రింట్ పనులు చూసే కప్స్ దాన్నే తీసుకుంటుంది. ఆ పీడీఎఫ్‌ని మాత్రం నాలాగా చేత్తో రాయకండి. అందులో కొలతలు మొదలయ్యే సున్నా పేజీ అడుగున, ఎడమ మూలలో ఉంటుంది, స్క్రీన్ మీదేమో పై మూలలో, అది మర్చిపోయి పంపితే మా కుంభం అంచులో గుడి శిఖరాలన్నీ నేల చూపులు చూశాయి. ఫాంట్ కూడా లోపల పెట్టలేదు, జెరాక్స్ షాపులో తెరిస్తే తెలుగు, ఒడియా పేర్లు రెండూ ఖాళీ డబ్బాలు! ఆ తర్వాత పీడీఎఫ్ కూడా రాసిచ్చే కైరో అనే డ్రాయింగ్ లైబ్రరీకి మారాను, ఈ రెండు గొడవలూ అదే చూసుకుంది. అయితే కైరోలోని సులువైన టెక్స్ట్ ఫంక్షన్ తెలుగు ఒత్తులు సరిగ్గా కట్టదు, అక్షరాలు పాంగో లేదా హార్ఫ్‌బజ్ (ఒత్తులు, గుణింతాలు సరిగ్గా కూర్చే లైబ్రరీలు) ద్వారా పంపాలి.

ఇంకొకటి, ప్రతి టెస్ట్ పేజీ మీదా సరిగ్గా 10 సెంటీమీటర్ల గీత ఒకటి వేసుకోండి. అంతా సరి చేశాక కూడా మామయ్య స్కేలు పెట్టి 9.6 ఉందన్నాడు, నేను రెండు రోజులు కోడ్‌లో వెతికాను. తీరా చూస్తే ప్రింట్ చేసేటప్పుడు షాపు కుర్రాడు "ఫిట్ టు పేజ్" (పేజీలో పట్టేలా బొమ్మని కుదించేది) టిక్ పెట్టి ఉంచాడు.