అకౌంట్స్ అంటే గుమాస్తా పనేనా?

వైజాగ్ పూర్ణా మార్కెట్ దగ్గర ఓ హోల్‌సేల్ షాపులో 26 ఏళ్లుగా పద్దులు రాస్తున్న ఒక తండ్రి అడిగారు. మావాడు బీకాం ఫైనలియర్ మేడం, అకౌంట్స్ అంటే గుమాస్తా పని అంటున్నాడు, ఎలాగూ ఏఐ వచ్చి తీసేస్తుందంట, ద్వారకానగర్‌లో ఆర్నెల్ల డేటా అనలిటిక్స్ కోర్సుకి లక్షా నలభై వేలు అడుగుతున్నారు, కట్టెయ్యనా లేక సీఏ చెయ్యమని పట్టుపట్టనా, రెండిట్లో ఏది బెటరు అని.

సార్, కోపం తెచ్చుకోకండి. మీరు రాసిన దాంట్లోనే ఇంకో లైనుంది, "నా బతుకెలాగూ చిట్టా ఆవర్జాలతో తెల్లారిపోయింది" అని. ఈ మాట వాడి ముందు ఎన్నిసార్లని ఉంటారు? గుమాస్తా అంటే చులకన అని వాడికి కాలేజీలో ఎవరూ చెప్పలేదు, మీ ఇంట్లోనే అన్నాల దగ్గర విన్నాడు. మీరు ఇరవయ్యేళ్లు చెప్పి ఇప్పుడు నన్ను మార్చమంటే ఎలా?

నా దగ్గరికొచ్చే బీకాం పిల్లల్ని అకౌంటెంట్ ఏం చేస్తాడ్రా అని అడిగితే టాలీలో ఎంట్రీలు కొడతాడు మేడం అంటారు, అంతే. చూసినోళ్లు లేరు. మొన్నామధ్య ఆర్టికల్‌షిప్‌లో, అంటే సీఏ చదువులో భాగంగా ఆడిటర్ దగ్గర చేసే ట్రైనింగ్‌లో ఉన్న గాజువాక పిల్ల ఒకతి చెప్పింది, రొయ్యల ప్లాంటులో స్టాక్ చూడ్డానికి పంపారంట, వాళ్లిచ్చిన జర్కిన్ వేసుకుని మైనస్ 18 డిగ్రీల కోల్డ్ స్టోర్‌లో అట్టపెట్టెలు లెక్కపెడుతుంటే పెన్ను రాయట్లేదంట, పెన్సిల్ తెచ్చుకుని మళ్లీ మొదట్నుంచి లెక్కపెట్టింది. పుస్తకంలో ఉన్నదానికన్నా పెట్టెలు తక్కువొచ్చాయి. అవెక్కడికి పోయాయో అడగడం ఉంది చూశారూ, అదీ పని.

ఎంట్రీలు కొట్టే ఉద్యోగాలు తగ్గుతాయి, అబద్ధమాడను. బ్యాంకు స్టేట్‌మెంట్ సాఫ్ట్‌వేరే లాక్కుంటోంది ఇప్పటికే. కానీ పెట్టెలు ఎందుకు తగ్గాయని ప్లాంటు మేనేజర్ మొహం మీద అడిగే సాఫ్ట్‌వేర్ నేనైతే చూళ్లేదు.

ఇక ఆ కోర్సు. డేటా పని చెడ్డదని కాదు, ఆర్నెల్లలో వచ్చేస్తుందనేదే నాకు నమ్మకం లేదు. హండ్రెడ్ పర్సెంట్ ప్లేస్‌మెంట్ అన్న బోర్డు చూశారు కదా, ఆ మాట కాగితం మీద రాసి సంతకం పెట్టివ్వమని అడగండి, ఏమంటారో విందురు. ఎక్సెల్, పవర్ బీఐ, కాస్త ఎస్‌క్యూఎల్, ఇవి యూట్యూబ్‌లో ఊరికే దొరుకుతాయి. ఏ కంపెనీ లెక్కలో తెలియకుండా చార్టులు గీసేవాడికంటే బ్యాలెన్స్ షీట్ చదవగలిగి ఎక్సెల్ కూడా వచ్చినవాడికే ముందు పిలుపొస్తుందని నా అనుభవం.

అలాగని సీఏకి మెడపట్టి తొయ్యకండి. బీకాంలో 55 శాతం వస్తే సీఏలో మొదటి పరీక్ష ఫౌండేషన్ లేకుండా నేరుగా రెండోదైన సీఏ ఇంటర్‌కి పోవచ్చు, 2023 నుంచి ఆర్టికల్‌షిప్ కూడా మూడేళ్లు కాదు, రెండేళ్లే. కానీ తప్పడాలు మామూలు, స్టైపెండ్ బస్సు ఛార్జీలకీ టిఫిన్లకీ సరిపోతే గొప్ప, వాడికి ఇష్టం లేకపోతే మధ్యలో వదిలేస్తాడు, మీరు మళ్లీ నాకు రాస్తారు. వాడికి 20 ఏళ్లే సార్, ఓ ఏడాది చిన్న ఆడిటర్ దగ్గర పనిచేసి చూసినా ఏం కొంప మునగదు.

ఈ నెల 19న సాయంత్రం వాణ్ణి షాపుకి తీసుకెళ్లండి. 20న జీఎస్టీ నెలవారీ రిటర్న్ 3బి వెయ్యాలి కాబట్టి మీరెలాగూ సప్లయర్లు ఎక్కించిన బిల్లుల లిస్టు 2బి ముందేసుకుని ఏ సప్లయర్ మన బిల్లు ఎక్కించలేదా అని వెతుకుతుంటారు కదా, ఆ పని వాడికివ్వండి. దొరికాక ఆ సప్లయర్‌కి ఫోన్ కూడా వాణ్ణే చెయ్యమనండి, మీరు పక్కన కూర్చుని టీ తాగండి. ఆ లక్షా నలభై వేలు అప్పటిదాకా బ్యాంకులోనే ఉండనివ్వండి.