బెంజోయేట్ వేసినా కలబంద జెల్‌కి బూజు ఎందుకు పట్టిందంటే

ఇంట్లో చేసిన కలబంద జెల్‌లో సోడియం బెంజోయేట్ (పాడవకుండా వేసే పొడి) కలిపినా నల్లచుక్కల బూజు వచ్చిందని అడిగారు. జెల్ పీహెచ్ (ఆమ్లత్వాన్ని చూపే అంకె, తగ్గేకొద్దీ ఆమ్లత్వం ఎక్కువ) ఎక్కువై ఉంటుంది. 200 గ్రాములకు 1 గ్రాము సోడియం బెంజోయేట్ వేశానన్నారు, ఆ కొలత సరైనదే. కానీ బూజును ఆపేది, పీహెచ్ తగ్గినప్పుడు బెంజోయేట్ మారే బెంజోయిక్ ఆమ్లం. పీహెచ్ 4.2 దగ్గర మీరు వేసినదాంట్లో సగం ఆ రూపంలో ఉంటుంది. 6 దగ్గర రెండు శాతం కూడా ఉండదు.

1. ఆ సీసా పారేయండి. నల్లచుక్కలు తీసేసి వాడొద్దు, కంటికి కనపడనిది లోపల ఇంకా ఉంటుంది. పాపకు రాస్తున్నానన్నారు, దయచేసి ఒక్క చుక్క కూడా రాయకండి.

2. ఈసారి బెంజోయేట్ పూర్తిగా కరిగాకే పీహెచ్ చూడండి. చాలామంది ముందే చూసి, 4.8 ఉంది కదా అని వదిలేస్తారు. బెంజోయేట్ కలిశాక అది పైకి జరుగుతుంది. అక్కడే దెబ్బతింటారు.

3. 10 శాతం సిట్రిక్ యాసిడ్ నీళ్లు చుక్కచుక్కగా వేసి, బాగా కలిపి, 4.5కి దించండి. మర్నాడు మళ్లీ కొలవండి. నిమ్మరసం వద్దు.

4. జెల్ చిక్కబడటానికి కార్బోమర్ వేసి ఉంటే, ఆ పీహెచ్ దగ్గర జెల్ పలచబడొచ్చు. దాని బదులు గ్జాంథన్ గమ్ వాడండి.

విటమిన్ ఈ వేస్తే సరిపోతుందనుకోవద్దు, అది నూనెలు పాడవకుండా చూస్తుంది, అంతే. బూజును ఆపదు.