గుజ్జు అరిగిన మోకాలికి ఏ ఇంజెక్షన్?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అమ్మకు 63 ఏళ్లు. మూడేళ్లుగా రెండు మోకాళ్లూ నొప్పి, కుడివైపు ఎక్కువ. ఎక్స్‌రే తీసి గ్రేడ్ 3 (అరుగుదల నాలుగు దశల్లో మూడోది), గుజ్జు అరిగిపోయింది అన్నారు. పదేళ్ల నుంచి షుగర్ ఉంది, బరువు 78 కిలోలు. ఒక డాక్టరు గారు స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయిస్తే సరిపోతుందన్నారు. ఇంకో చోట జెల్ ఎక్కిస్తే గుజ్జు మళ్లీ వస్తుందన్నారు. మూడో చోట ఆమె రక్తంతోనే చేసే పీఆర్పీ మూడుసార్లు వేయించమన్నారు, మొత్తం 45 వేలట. స్టెరాయిడ్ వేస్తే ఎముకలు గుల్లబారిపోతాయని మా పిన్ని భయపెడుతోంది. జెల్‌కు డబ్బు కట్టేద్దామని అన్నయ్య తొందరపడుతున్నాడు. ఏం చేయమంటారు? – ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అన్నయ్యను కాస్త ఆగమనండి. నెల ఆలస్యమైనంత మాత్రాన అమ్మగారి మోకాలికి కొత్తగా వచ్చే ముప్పేమీ లేదు.

అసలు చిక్కంతా ఈ 'గుజ్జు' అనే మాటతో వచ్చింది. ఆ మాట వినగానే ఎముకల మధ్య చింతపండు గుజ్జులాంటిదేదో ఉండేది, అది అయిపోయింది, మళ్లీ నింపితే సరి అనిపిస్తుంది. కోడికాలు ఎముక చివర తెల్లగా, నున్నగా, పళ్లకింద కరకరలాడే పొర చూసే ఉంటారు కదా, మన మోకాల్లో అరిగేది అలాంటి పొర. అది ఎముకకే అంటుకుని ఉంటుంది. పైనుంచి జెల్ పోస్తే అక్కడ అతుక్కుని కొత్త పొరగా మారదు. జెల్‌తో గుజ్జు మళ్లీ వస్తుందని ఎవరైనా చెబితే అది నిజం కాదు, ఇది మాత్రం గట్టిగా చెప్పగలను.

ఇంతకీ ఆ జెల్ ఏమిటంటే హైలురానిక్ యాసిడ్, మన కీళ్ల మధ్య ద్రవంలో సహజంగానే ఉండే పదార్థం. మొదట్లో కోడిపుంజు తురాయి నుంచి తీసేవారు, ఇప్పుడు ల్యాబుల్లో బ్యాక్టీరియాతో కూడా తయారు చేస్తున్నారు. అమెరికాలో 1997లో అనుమతి వచ్చింది. అప్పట్లో డాక్టర్లందరికీ దీనిమీద చాలా ఆశ ఉండేది. తర్వాత చాలా పరిశోధనలన్నీ కలిపి చూస్తే, ఉత్త సెలైన్ నీళ్ల ఇంజెక్షన్‌తో పోల్చినప్పుడు జెల్ తగ్గించిన నొప్పి పేషెంటుకు తేడా తెలిసేంత లేదని తేలింది. బ్రిటన్ మార్గదర్శకాలు 2022లో దీన్ని అసలు ఇవ్వొద్దనే చెప్పాయి. అమెరికా ఎముకల డాక్టర్ల సంఘం కూడా మామూలుగా అందరికీ వాడమని సిఫారసు చేయడం లేదు. వేయించుకుని ఆరు నెలలు హాయిగా ఉన్నామనే వాళ్లు నాకూ తెలుసు, వాళ్ల మాట అబద్ధం కాదు. కానీ సెలైన్ వేసినవాళ్లలో కూడా చాలామందికి నొప్పి తగ్గుతుంది, అదీ అసలు ఇబ్బంది.

ఇక పిన్నిగారు భయపడుతున్న స్టెరాయిడ్. ఏళ్ల తరబడి మాత్రలుగా మింగే స్టెరాయిడ్‌కీ, మోకాల్లోకి ఒక్కసారి వేసే దానికీ పోలికే లేదు. ఎముకలు గుల్లబారేది ఆ మాత్రలతో. కీళ్లలోకి స్టెరాయిడ్ ఎక్కించడం 1951 నుంచీ ఉన్న వైద్యమే. మోకాలు వాచి, వెచ్చగా ఉండి, రాత్రి నిద్ర పట్టనివ్వనప్పుడు ఇది బాగా పనిచేస్తుంది. నీరు చేరి ఉంటే ముందు సిరంజితో లాగుతారు, నువ్వులనూనె రంగులో వస్తుంది, అది చూసి కంగారు పడొద్దు. రెండు మూడు రోజుల్లో తేలిక తెలుస్తుంది, కొన్ని వారాలు, బాగా పనిచేస్తే మూడు నెలల దాకా ఉంటుంది. అంతకుమించి ఆశించకండి. మూడు నెలలకోసారి చొప్పున రెండేళ్లు వేస్తే ఏమవుతుందో అమెరికాలో 140 మందిలో చూసి 2017లో ప్రచురించారు. సెలైన్ వేసినవాళ్లకంటే నొప్పి తగ్గిందీ లేదు, పైగా ఆ పొర కాస్త ఎక్కువగా పలచబడింది. అందుకే నొప్పి విపరీతంగా ఉన్నప్పుడు ఒకసారి సరే, అలవాటుగా మాత్రం వద్దు.

అమ్మగారికి షుగర్ ఉంది కాబట్టి ఇంకో జాగ్రత్త. ఇంజెక్షన్ తర్వాత కొన్ని రోజులు, ఒక్కోసారి వారం దాకా షుగర్ బాగా పెరుగుతుంది. ఇంట్లోనే రోజుకు రెండు మూడుసార్లు చూసుకోండి. ఇన్సులిన్ వాడుతుంటే మోతాదు సంగతి ముందే మీ షుగర్ డాక్టరుతో మాట్లాడుకోండి. ఇప్పటికే షుగర్ అదుపులో లేకపోతే ముందు దాన్ని దారికి తెచ్చుకుని తర్వాతే ఈ ఇంజెక్షన్.

పీఆర్పీ అంటే మన రక్తమే కొంచెం తీసి, యంత్రంలో గిరగిరా తిప్పి, ప్లేట్‌లెట్లు ఎక్కువున్న భాగాన్ని మోకాల్లోకి ఎక్కించడం. మన రక్తమే కాబట్టి ఎలర్జీ భయం తక్కువ. కొన్ని చిన్న పరిశోధనల్లో మంచి ఫలితాలే వచ్చాయి. అయితే ఒక్కో చోట ఒక్కో రకంగా తయారు చేస్తారు. పకడ్బందీగా జరిగిన ఆస్ట్రేలియా పరిశోధన 2021లో వచ్చింది. 288 మంది, అరుగుదల మరీ ముదరనివాళ్లు, వారానికొకటి చొప్పున మూడు ఇంజెక్షన్లు. ఏడాది తర్వాత పదికి లెక్కేస్తే పీఆర్పీ వాళ్ల నొప్పి 2.1 తగ్గింది, సెలైన్ వాళ్లది 1.8. పెద్ద తేడా ఏముంది చెప్పండి? పొర కూడా పెరగలేదు. 45 వేలు అప్పు తెచ్చి పెట్టాల్సిన వైద్యం కాదని నా అభిప్రాయం. డబ్బుకు ఇబ్బంది లేకుండా, ఈ సంగతులన్నీ తెలిసే వేయించుకుంటామంటే మాత్రం నేను అడ్డుచెప్పను. స్టెమ్ సెల్స్ (కొత్త కణాలుగా మారగల మూలకణాలు) గురించి మీరు అడగలేదు గానీ రేపో మాపో ఎవరో ఒకరు చెబుతారు. నాలుగు వందల మందికి పైగా పేషెంట్లలో మూడు రకాల కణాలను స్టెరాయిడ్‌తో పోల్చి చూస్తే ఏడాది తర్వాత ఒక్కటి కూడా దానికంటే మెరుగ్గా లేదని 2023లో తేలింది.

మరి ఏం చేయాలి? స్టెరాయిడ్ ఇంజెక్షన్‌కూ ఫిజియోథెరపీకీ నేరుగా పోటీ పెట్టిన పరిశోధన ఒకటుంది, 2020లో వచ్చింది, 156 మంది. ఏడాది చివర ఫిజియోథెరపీ చేసినవాళ్లే మెరుగ్గా ఉన్నారు. ఈ మాట చెబితే ఇళ్లలో ఎవరికీ నచ్చదు, డాక్టరు దగ్గరికి వెళ్లి ఉత్త చేతులతో వచ్చామా అంటారు. దయచేసి నా మాట వినండి. మంచం మీద కాళ్లు చాపుకుని కూర్చోబెట్టి, తువ్వాలు చుట్టచుట్టి కుడి మోకాలి కింద పెట్టండి. దాన్ని మోకాలితో కిందికి అదమమనండి, అయిదు లెక్కపెట్టి వదలమనండి. మీ చెయ్యి ఆమె తొడమీద పెట్టి చూడండి, కండ బిగుసుకోవడం తెలియాలి, తెలియకపోతే సరిగ్గా చేయనట్టే. కాలికి పదేసి సార్లు, పొద్దున, సాయంత్రం. ఒక్కసారైనా ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకుని ఆ తర్వాత ఇంట్లో చేయించండి. నొప్పి వల్ల ఇది కూడా చేయలేకపోతుంటే, అప్పుడు స్టెరాయిడ్ ఒకటి వేయించి, తేలికగా ఉన్న ఆ కొద్ది వారాల్లో వ్యాయామం మొదలుపెట్టించండి. నేను ఆ ఇంజెక్షన్ రాసేదే అందుకు. పీటమీద, నేలమీద కూర్చోవడం మాన్పించండి, కూరలు కుర్చీలో కూర్చుని తరగొచ్చు. బరువు ఒక్క కిలో తగ్గినా అడుగు వేసినప్పుడల్లా మోకాలిమీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. రాత్రిపూట అన్నం సగం చేస్తే షుగర్‌కూ మంచిదే, కాకపోతే అన్నం తగ్గించే ముందు షుగర్ మందుల మోతాదు గురించి డాక్టరుతో మాట్లాడుకోండి.

ఏ ఇంజెక్షన్ వేయించినా సరే, ఆ తర్వాత మోకాలు ఎర్రబడి, జ్వరం వచ్చి, కాలు కింద పెట్టలేనంత నొప్పి వస్తే తెల్లారేదాకా చూడొద్దు, అప్పటికప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్లండి. అరుదే, కానీ లోపల చీము పట్టిందేమో చూడాలి.

ప్రశ్న: నాన్నగారికి మోకాలు మార్పిడి ఆపరేషన్ రెండు నెలల్లో పెట్టుకున్నాం. అప్పటిదాకా నొప్పి ఓర్చుకోలేకపోతున్నారు, ఒక స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించవచ్చా? – ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: వద్దండీ. ఇంజెక్షన్ వేసిన మూడు నెలల్లోపు ఆ మోకాలికే ఆపరేషన్ చేస్తే ఇన్‌ఫెక్షన్ ముప్పు పెరుగుతుంది. ఇప్పటికే ఎక్కడైనా వేయించి ఉంటే ఆ తేదీ మీ సర్జన్‌కు తప్పకుండా చెప్పండి, దాచొద్దు, ఆయన ఆపరేషన్ వెనక్కి జరపవచ్చు. ఈ రెండు నెలలూ చేతికర్ర ఎడమ చేత్తో పట్టుకోమనండి, నొప్పి కుడి మోకాలిదైతే. నొప్పి ఉన్నవైపే కర్ర పట్టుకుని నడిచేవాళ్లే ఎక్కువమంది కనిపిస్తారు, దానివల్ల ఉపయోగం లేదు.