తాతగారి గదిలో నెహ్రూ పటం

ప్రశ్న: మా మావగారు షిప్‌యార్డులో వెల్డరుగా చేసి రిటైరయ్యారు. ఆయన గదిలో నెహ్రూ పటం ఉంటుంది. "ఆ మహానుభావుడు యార్డు పెట్టబట్టే మనం నాలుగు మెతుకులు తింటున్నాం" అంటారు. డిగ్రీ చదువుతున్న మా బాబేమో ఫోన్లో ఏవేవో చూసి, "దేశాన్ని ముంచిందే ఆయన, పటేల్ ప్రధాని అయ్యుంటే పొట్టి శ్రీరాములు చనిపోయేవారే కాదు, చైనా చేతిలో ఓడేవాళ్లమే కాదు" అని వాదిస్తాడు. మొన్న రాత్రి ఆ మాట మీదే మావగారు కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచిపోయారు. ఎవరికి సర్దిచెప్పాలి? ఆ పటం తీసేస్తే గొడవ తగ్గుతుందా?
– ఒక పాఠకురాలు, మల్కాపురం, విశాఖపట్నం

జవాబు: అమ్మా, ఇద్దరికీ చెప్పాల్సింది ఉంది. యార్డు పెట్టింది నెహ్రూ కాదు. వాల్‌చంద్ హీరాచంద్ గారి సింధియా కంపెనీ పెట్టింది, 1941 జూన్‌లో, ఇంకా తెల్లవాళ్ల పాలన ఉండగానే, రాజేంద్రప్రసాద్ గారు శంకుస్థాపన చేశారు. మీ పక్కనే ఉన్న సింధియా ప్రాంతానికి ఆ పేరు అలా వచ్చిందే. అయితే 1948 మార్చి 14న ఇక్కడ 'జల ఉష' ఓడకి జలప్రవేశం చేయించింది నెహ్రూయే, 1952లో యార్డులో ఎక్కువ వాటాని, 1961లో మిగతాదాన్నీ ప్రభుత్వం తీసుకున్నదీ ఆయన హయాంలోనే. కాబట్టి మావగారి కృతజ్ఞత ఊరికే వచ్చింది కాదు, కాకపోతే అందులో సగం వాల్‌చంద్ గారికి వెళ్లాలి.

ఇక బాబు మాట. ఆంధ్ర రాష్ట్రం విషయంలో కాంగ్రెస్ వేసిన జేవీపీ కమిటీలో జవహర్‌లాల్‌తో పాటు వల్లభ్‌భాయ్ కూడా ఉన్నారు, మూడోవారు మన పట్టాభి సీతారామయ్య గారే. భాషా రాష్ట్రాలు ఇప్పట్లో వద్దు, ఆంధ్ర ఇవ్వాలంటే మద్రాసు నగరం మీద ఆశ వదులుకోవాలి అని 1949లో ముగ్గురూ కలిసే తేల్చారు. పటేల్ గారు 1950 డిసెంబర్ 15న పోయారు. సరిగ్గా రెండేళ్లకి, అదే తేదీన, 58 రోజుల దీక్ష తర్వాత శ్రీరాములు గారు. ఆ 58 రోజులూ ప్రధాని కుర్చీలో ఉన్నది మాత్రం నెహ్రూ. డిసెంబర్ 19న ప్రకటించిన రాష్ట్రాన్ని ఒక్క వారం ముందు ప్రకటించి ఉంటే ఏం పోయేది అని మీ బాబు అడిగితే ఆయన తరఫున చెప్పడానికి నా దగ్గర జవాబు లేదు, తల్చుకుంటే నాకూ కడుపు మండుతుంది. 1962 సంగతీ అంతే, సైన్యాన్ని చాలినంత సిద్ధం చేయలేదన్న నింద నెహ్రూ మీద ఉండాల్సిందే, రక్షణ మంత్రి కృష్ణమీనన్ ఒక్కరు దిగిపోతే తీరేది కాదు. కానీ "పటేల్ ఉంటే" అనే వాదన అక్కడ పనికిరాదు, ఆయన పోయి అప్పటికి పన్నెండేళ్లయింది.

పటం తీయకండమ్మా, అది ఆయన గది. ఒక ఆదివారం పొద్దున్న నెహ్రూ ఊసెత్తకుండా, యార్డులో మొదటి రోజు ఏం పని చేయించారు తాతయ్యా అని బాబుని అడగమనండి.