బరువు తగ్గారు సరే.. షుగర్ మాత్ర డోసు చూపించుకున్నారా?

ప్రశ్న: నా వయసు 46. ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు. ఆరేళ్లుగా షుగర్ ఉంది. పొద్దున టిఫిన్‌కి ముందు గ్లిమెపిరైడ్ 2, మెట్‌ఫార్మిన్ 500 కలిసిన మాత్ర, దాంతోపాటు ఒక బీపీ మాత్ర వేసుకుంటాను. రెండేళ్లుగా అదే చీటీ చూపించి మెడికల్ షాపులో తెచ్చుకుంటున్నా. నిరుడు అన్నం మానేసి, రాత్రిళ్లు తినకుండా మూడు నెలల్లో 96 కిలోల నుంచి 84కు వచ్చాను. మళ్లీ 91 అయ్యాను. ఇప్పుడు అదే పద్ధతిలో నెలన్నరలో 86కు దిగాను. సాయంత్రం పూట చేతులు వణికి చెమటలు పడుతున్నాయి. ఏదైనా తింటే తగ్గుతోంది. డైటింగ్ నీరసం అనుకుంటున్నా. రాత్రికి జొన్నరొట్టె మంచిదా, చపాతీ మంచిదా? పరగడుపున నడిస్తే కొవ్వు త్వరగా కరుగుతుందా? బరువు మళ్లీ పెరగకుండా ఏం చేయాలి?
- ఓ పాఠకుడు, నల్గొండ

జవాబు: రొట్టె సంగతి తర్వాత చూద్దాం. చేతులు వణకడం, చెమటలు పట్టడం, తినగానే తగ్గిపోవడం.. దీన్ని నీరసం అని వదిలేయకండి. గ్లిమెపిరైడ్ వాడేవాళ్లు తిండి తగ్గించినప్పుడు షుగర్ పడిపోతే సరిగ్గా ఇలాగే ఉంటుంది. మిమ్మల్ని పరీక్షించకుండా అదేనని ఖాయంగా చెప్పలేను. కానీ కాదని తేలేదాకా అదే అనుకుని జాగ్రత్త పడాలి.

గ్లిమెపిరైడ్ క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది. మీరు తిన్నారా, పస్తున్నారా అన్నది దానికి పట్టదు. పొద్దున వేసుకుంటే దాదాపు రోజంతా పనిచేస్తుంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారిలో ఇలా జరగడం అరుదు. పైగా బరువు తగ్గేకొద్దీ ఒంట్లో ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తుంది. 96 కిలోలున్నప్పుడు, మూడు పూటలా తింటున్నప్పుడు సరిపోయిన డోసు ఇప్పుడు ఎక్కువైపోయి ఉండొచ్చు. దాన్ని తగ్గించడమో, ఆ మందే మార్చడమో మీ డాక్టరు చేయాలి. మీరే మాత్రను సగానికి విరిచి వేసుకోవద్దు. ఇలాంటి చాలా మాత్రల్లో మెట్‌ఫార్మిన్ కొద్దికొద్దిగా విడుదలయ్యేలా తయారుచేస్తారు. విరిస్తే ఆ ఏర్పాటు చెడిపోతుంది.

ఇవాళే డాక్టరుకు ఫోన్ చేయండి. ఆయన చెప్పేదాకా రాత్రి భోజనం మానొద్దు. ఈసారి వణుకు రాగానే వీలైతే గ్లూకోమీటర్‌తో చూసుకోండి. 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలుపుకుని తాగండి. మీటరు దగ్గర లేకపోతే దాని కోసం ఆగకుండా చక్కెర నీళ్లు తాగేయండి. 15 నిమిషాలకు మళ్లీ చూడండి. ఇంకా 70 దాటకపోతే మరోసారి తాగాలి. దాటాక కొంచెం అన్నమో, రెండు ఇడ్లీలో తినండి. చాక్లెట్, క్రీమ్ బిస్కెట్లు ఇందుకు పనికిరావు. వాటిలోని కొవ్వు వల్ల చక్కెర రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది. ఆ సమయంలో బండి నడపొద్దు. మాట తడబడినా, తికమకపడినా ఇంట్లోవాళ్లు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదని వారికి ఇప్పుడే చెప్పి ఉంచండి. ఈ మందుతో పడిపోయిన షుగర్ లేచినట్టే లేచి కొన్ని గంటలకు మళ్లీ పడిపోవచ్చు. మద్యం అలవాటుంటే ఖాళీ కడుపుతో అసలే తాగొద్దు.

బీపీ మాత్ర పేరు రాయలేదు. అది మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటిదైతే షుగర్ పడిపోయినా గుండెదడ, వణుకు సరిగా తెలియవు. చెమట మాత్రం పడుతుంది. బరువు తగ్గితే బీపీ కూడా దిగుతుంది కాబట్టి లేచి నిలబడగానే కళ్లు తిరుగుతున్నాయేమో గమనించుకోండి.

రెండేళ్ల పాత చీటీ మీద మాత్రలు తెచ్చుకోవడం మాత్రం మంచి పని కాదు. చీటీ రాసినప్పటి బరువు వేరు, తిండి వేరు, కిడ్నీల పరిస్థితి కూడా వేరై ఉండొచ్చు. కిడ్నీలు మందగిస్తే గ్లిమెపిరైడ్ ప్రభావం ఇంకా ఎక్కువసేపు ఉంటుంది. షాపు అబ్బాయి మీ క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే పరీక్ష) చూసి మాత్రలు ఇవ్వడు కదా! డైటింగ్ మొదలుపెట్టే ముందు ఒక్కసారి చూపించుకుని ఉంటే ఈ వణుకు దాకా వచ్చేది కాదేమో. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు చేయించుకుని ఆ రిపోర్టులతో వెళ్లండి. థైరాయిడ్ పరీక్ష టీఎస్‌హెచ్ కూడా ఒకసారి చూడమనండి. కానీ థైరాయిడ్ సమస్య లేకుండా బరువు తగ్గడం కోసం థైరాయిడ్ మాత్రలు వేసుకోవద్దు. గుండె లయ తప్పొచ్చు.

ఇక బరువు. అన్నం మానేసిన మొదటి వారాల్లో తగ్గే కిలోల్లో చాలా భాగం నీరే. ఆ తర్వాత కొవ్వుతోపాటు కండ కూడా పోతుంది. 84 కిలోల ఒంటికి 96 కిలోల ఒంటికి కావాల్సినంత తిండి అక్కర్లేదు. అయినా ఆకలి మాత్రం ముందుకంటే ఎక్కువే అవుతుంది. పాత తిండికి వెళ్లారు, పాత బరువు వైపు వెళ్లారు. మనసు గట్టిగా లేకపోవడం కాదిది. వేగంగా తగ్గితే పిత్తాశయంలో రాళ్లు వచ్చే ముప్పు కూడా ఉంది. వారానికి అర కిలో చాలు. నన్నడిగితే మీరు 86 దగ్గరే కొన్ని నెలలు నిలవండి. 96 నుంచి పది కిలోలు తగ్గడం షుగర్‌కి, బీపీకి చిన్న లాభం కాదు.

జొన్నరొట్టె, చపాతీ ఏదైనా ఒకటే. ఒకే పరిమాణంలో ఉంటే క్యాలరీలు అటూ ఇటూగా సమానం. రాత్రికి రెండు చాలు, నూనె రాయకుండా కాల్చినవి. మధ్యాహ్నం అన్నం మానక్కర్లేదు. ఒక కప్పు, అంటే 150 గ్రాముల అన్నంలో సుమారు 200 క్యాలరీలుంటాయి. కంచంలో సగం బీర, సొర, తోటకూర లాంటివి ఉండాలి. పప్పు గరిటెడు కాదు, కప్పు నిండా వేసుకోండి. కిడ్నీ రిపోర్టులు బాగుంటే రోజుకు 70 గ్రాముల ప్రొటీన్ చేరేలా చూసుకోవాలి. గుడ్డులో 6 గ్రాములు, కప్పు పప్పులో 6, 7 గ్రాములు వస్తాయి. నూనె లెక్క చాలా ఇళ్లలో ఉండదు. ప్యాకెట్ తెరిచిన రోజు దాని మీదే పెన్నుతో తేదీ రాయండి. నలుగురున్న ఇంట్లో నెలకు రెండు లీటర్లు దాటితే వంటలో ఎక్కువ పోస్తున్నట్టే.

పరగడుపు నడకకు ప్రత్యేక మహిమ లేదు. నెల మొత్తం మీద కొవ్వు తగ్గడంలో పెద్ద తేడా కనిపించదు. డోసు సర్దుబాటయ్యేదాకా మీకు అది వద్దు కూడా. మధ్యాహ్నం, రాత్రి భోజనం తర్వాత 15 నిమిషాల చొప్పున నడవండి, జేబులో చక్కెర పొట్లం పెట్టుకుని. తర్వాత రోజుకు 45 నిమిషాలు, వారంలో ఐదారు రోజులు. తగ్గిన బరువు నిలవాలంటే అంత నడక కావాల్సిందే. కండ పోకుండా వారానికి రెండు రోజులు కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా లేచి కూర్చోవడం, పదేసి చొప్పున మూడు విడతలు. గోడకు పుషప్స్ కూడా అలాగే. జిమ్‌లో బరువులు ఎత్తాలనుకుంటే మాత్రం ముందు కంటి డాక్టరుకు రెటీనా చూపించుకోండి. ఆరేళ్ల షుగర్‌లో అక్కడ రక్తనాళాలు దెబ్బతిని ఉంటే, ఊపిరి బిగబట్టి బరువులెత్తినప్పుడు కంటిలో రక్తస్రావం కావొచ్చు.