మనది కాని బండికి మన పేరున చలాన్

ప్రశ్న: మేడమ్, మాది సిద్దిపేట దగ్గర పల్లె. మా నాన్నగారి పేరున 2016లో కొన్న బూడిద రంగు స్కూటీ ఉంది. పొలానికీ, బజారుకీ తప్ప మండలం దాటదు. ఈ మధ్య ఆయన ఫోన్‌కి హైదరాబాద్‌లో పడ్డ మూడు చలాన్లు వచ్చాయి. రెండు హెల్మెట్ లేదని, ఒకటి ట్రిపుల్ రైడింగ్ అని. ఫొటోలో నంబరు మాదే, బండి మాత్రం నల్ల బైకు. మా తమ్ముడేమో ‘మళ్లీ డిస్కౌంట్ పెట్టినప్పుడు కట్టేసి వదిలించుకుందాం’ అంటాడు. నాన్నగారు చేయని తప్పుకి రూపాయి కూడా కట్టనంటున్నారు. రోజూ ఇంట్లో ఇదే గొడవ. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ నాన్నగారు చెప్పిందే సరైన మాట. ఆ చలాన్లు కట్టకండి.

తమ్ముడి ఆలోచన చాలామందికి వచ్చేదే. 2022 మార్చిలో బైకుల పెండింగ్ చలాన్ల మీద 75 శాతం, 2023 డిసెంబరులో 80 శాతం మాఫీ ఇచ్చారు. అంత తక్కువలో పోతుంటే ఎవరికైనా కట్టేయాలనే అనిపిస్తుంది. నా దగ్గరికి వచ్చిన ఒక ఎలక్ట్రీషియన్ తనది కాని బండి చలాన్లు అలాగే కట్టాడు. కొన్నాళ్లకు అదే నంబరున్న బండి ఒక పెద్దాయన్ని గుద్ది పారిపోయింది. పోలీసులు ఆర్సీలో ఉన్న అడ్రసు పట్టుకుని ఇతని ఇంటికి వచ్చారు. బండి నాది కాదంటే, ‘నీది కానప్పుడు పాత చలాన్లు ఎందుకు కట్టావు?’ అన్నారు. దానికి అతని దగ్గర జవాబు లేదు. ఆ రోజు పనిలో ఉన్నట్టు హాజరు పట్టీ దొరికింది కాబట్టి బయటపడ్డాడు, కానీ నెలల తరబడి ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. మీ విషయంలో నా భయమంతా ఇదే. హెల్మెట్ చలాన్ చిన్నదే. రేపు ఆ దొంగ నంబరు బండి మీద గొలుసు తెంపుకుపోతే వెతుక్కుంటూ వచ్చేది మీ గుమ్మానికే.

ముందు ఈ-చలాన్ వెబ్‌సైట్‌లో ఉన్న ఫొటోలను తేదీ, సమయం, స్థలం కనిపించేలా ప్రింట్ తీయించండి. కెమెరా చలాన్ నోటీసులో ఇవన్నీ ఉండాలని 2021లో తెచ్చిన కేంద్ర నిబంధన చెబుతోంది. ప్రింట్‌లో నంబరును ఒక్కో అంకే చూడండి. 3 మీద నల్ల టేపు ముక్క అంటించి 8 చేసేవాళ్లున్నారు, నంబరు ఎక్కించేటప్పుడు పొరపాటు పడటమూ ఉంది. నంబరు అచ్చంగా మీదే అయితే, ఎవరో మీ నంబరుతో దొంగ ప్లేటు చేయించుకున్నట్టు.

తర్వాత మీ స్కూటీకి నాలుగు వైపులా ఫొటోలు తీయండి, ఛాసిస్ నంబరు చెక్కిన చోటు కూడా స్పష్టంగా పడాలి. ఆర్సీ, ఇన్సూరెన్స్ జిరాక్సులు జతచేసి, ‘ఫొటోలోని వాహనం నాది కాదు, నా నంబరును ఎవరో వాడుతున్నారు’ అని నాన్నగారి సంతకంతో ఫిర్యాదు రాయించండి. ఒక కాపీ చలాన్ వేసిన ట్రాఫిక్ పోలీసులకు, ఒకటి మీ ఊరి పోలీస్ స్టేషన్‌కు. వెబ్‌సైట్‌లో ఫిర్యాదు పెట్టినా సరే, కాగితం మీద ఇచ్చి రసీదు తీసుకోవడం మానకండి. స్టేషన్‌లో తీసుకోకపోతే స్పీడ్ పోస్టులో ఎస్పీకి, మీ సిద్దిపేటలో అయితే పోలీస్ కమిషనర్‌కు పంపండి. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక సురక్షా సంహిత) 173వ సెక్షన్ ఆ హక్కు ఇస్తోంది. అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లవచ్చు.

కోర్టు నుంచి సమన్లు వస్తే టెన్షన్ పడి మానేయకండి. నాన్నగారు ఆ తేదీకి వెళ్లి ‘నేరం ఒప్పుకోను’ అని చెప్పి, ఫొటోలు జడ్జి ముందు పెట్టాలి. ‘ఫైన్ కట్టేస్తే ఇప్పుడే అయిపోతుంది’ అని పక్కనుంచి ఎవరు చెప్పినా వినవద్దు. లోక్ అదాలత్‌లో రాజీ అసలే వద్దు, అక్కడి అవార్డు (తీర్పు) మీద అప్పీలు ఉండదు. లాయరు కావాలంటే న్యాయ సేవాధికార సంస్థ నంబరు 15100కి ఫోన్ చేసి అడగండి.

2019 ఏప్రిల్‌కు ముందు కొన్న బండి కాబట్టి దానికి మామూలు ప్లేటే ఉందేమో చూడండి. అలా అయితే హోలోగ్రామ్, లేజర్ నంబరు ఉండే హై సెక్యూరిటీ ప్లేటు బిగించండి. అప్పుడు ఏది అసలు బండో చూపించడం తేలిక. ఫిర్యాదు రసీదు జిరాక్సు ఒకటి స్కూటీ డిక్కీలో కూడా పెట్టించండి. ఎక్కడైనా ఆపి పెండింగ్ చలాన్లు కట్టమంటే నాన్నగారు దాన్నే చూపించాలి.