టంకం మీద టంకం వేస్తే కారడం ఆగదు

ప్రశ్న: రాగి పైపు ఎల్బో (మలుపు ముక్క) దగ్గర నీళ్లు బొట్లు బొట్లుగా కారుతున్నాయి. పాత టంకం మీదే రెండుసార్లు టంకం వేయించాం. వారం తిరక్కుండానే మళ్లీ చెమ్మ. ఎందుకిలా?

జవాబు: పైపైన ఎంత టంకం పోసినా లాభం లేదు. పైపుకీ ఎల్బోకీ మధ్య ఉండే వెంట్రుకవాసి సందులోకి టంకం పాకితేనే జాయింటు నిలుస్తుంది. లోపల నీళ్లుంటే పాకదు. జాయింటు దగ్గర కాసిని నీళ్లు మిగిలినా చాలు, మంట ఎంత పెట్టినా అక్కడి రాగి 100 డిగ్రీలు దాటడానికి మొరాయిస్తుంది. సీసం లేని తగరం-రాగి టంకం కరగాలంటే 227 డిగ్రీలైనా కావాలి. పైగా ఆవిరి తన్నుకొచ్చి, కరిగిన టంకంలో సూదిబెజ్జాలు పొడుస్తుంది.

అందుకని ముందు గీజర్ ఆపి, మెయిన్ వాల్వు కట్టేసి, అన్నిటికన్నా కింద ఉన్న కుళాయి విప్పండి. పై కుళాయి కూడా తెరిస్తేనే గాలి దూరి నీళ్లు పూర్తిగా దిగుతాయి. పని అయ్యేదాకా అది తెరిచే ఉండాలి. వాల్వు సరిగా మూయక సన్నధార వస్తూనే ఉంటే టంకం మాట మరిచిపోయి మంట అక్కర్లేకుండా నట్టు బిగించి కలిపే కంప్రెషన్ ఫిట్టింగ్ వేసుకోండి.

పాత ఎల్బో ఊడదీసి కొత్తది వేయడమే మేలు. పైపు కొసను ఎమెరీతో తళతళలాడేదాకా రుద్దండి. రుద్దిన చోట వేలు పెట్టకండి, చేతి జిడ్డుకే టంకం పట్టదు. టంకం పట్టేలా చేసే ఫ్లక్స్ పల్చగా పూసి, పైపును ఎల్బోలో ఆగేదాకా దూర్చండి. మంట ఎల్బోకి తగలాలి, టంకం తీగకు కాదు. తీగను మంటకు అవతలి వైపు ఆనించినప్పుడు కరిగి సందులోకి సర్రున పోయిందంటే వేడి సరిపోయినట్టే. 15 మిల్లీమీటర్ల పైపుకు 3 మిల్లీమీటర్ల మందం తీగ సుమారు 15 మిల్లీమీటర్ల పొడవు చాలు. ఫ్లక్స్ నల్లబడితే మాడినట్టు, మళ్లీ రుద్దుడు నుంచి మొదలు. నీళ్లు చల్లకుండా దానంతటదే చల్లారనిచ్చి, మిగిలిన ఫ్లక్స్‌ను తడిగుడ్డతో తుడిచేయండి. వదిలేస్తే అదే రాగిని తినేస్తుంది. పైపు వెనక చెక్క ఉంటే నిప్పంటుకోని పలక అడ్డం పెట్టడం మరవకండి.

ప్రశ్న: జాయింటు లేని చోట పచ్చటి చిలుము మచ్చ, దాని నడుమ సూదిమొనంత చిల్లు. ఎపాక్సీ పుట్టీ మెత్తితే సరిపోదా?

జవాబు: ఆ రాత్రి గడవడానికి సరిపోతుంది. రబ్బరు ముక్క చుట్టి క్లాంపు బిగించినా అంతే. చిల్లు లోపలి నుంచి తొలుచుకుంటూ వచ్చింది, పక్కన అలాంటి గుంటలు ఇంకా ఉండొచ్చు. పాడైన ముక్క కోసేసి, కొత్త ముక్కను రెండు స్లిప్ కప్లింగులతో (జరిపే అతుకు గొట్టాలతో) కలపండి. వీటి లోపల పైపును ఆపే గట్టు ఉండదు కాబట్టి పాత పైపు మీదికి పూర్తిగా జరిపి, ముక్క పెట్టాక వెనక్కి లాగొచ్చు. కట్టర్‌తో కోసినప్పుడు అంచు లోపలికి వంగుతుంది, గీకేయండి. అది ఉండిపోతే నీరు అక్కడ సుడి తిరిగి, దాటిన వెంటనే పైపును అరగదీస్తుంది. కొత్త చిల్లులకు అదీ ఒక దారి. కొన్ని నెలల్లోనే మరో చిల్లు పడితే అతుకులు మాని ఆ లైను మార్చండి.

ప్రశ్న: కంప్రెషన్ నట్టు దగ్గర చెమ్మ. నట్టు ఎక్కే మరల మీద టెఫ్లాన్ టేపు చుట్టాలా?

జవాబు: వద్దు. అక్కడ నీటిని ఆపేది మరలు కాదు, లోపలి ఇత్తడి రింగు. ఒక స్పానర్‌తో బాడీని కదలకుండా పట్టి, రెండోదానితో నట్టును పావు చుట్టు లోపే బిగించి చూడండి. అయినా ఆగకపోతే రింగు నలిగిపోయినట్టే. పైపు కొస కోసి, కొత్త రింగు వేసి, చేత్తో బిగిశాక ఇంకొక్క చుట్టు తిప్పండి.